"డబ్బు పంపిన అకౌంట్" అంటే ఏ అకౌంట్? ఇంగ్లీష్ 'విచ్' చెప్పే దిక్కు, ఫలితం

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మనం రిలేటివ్ క్లాజ్ గురించి మాట్లాడుకుందాం. పేరు వినగానే వీడియో మార్చేయకండి. గ్రామర్ పుస్తకం తెరవను. ముందు ఒక తెలుగు ముక్క చెప్తాను, దాని అర్థం మీరు చెప్పండి.

"నేను డబ్బు పంపిన అకౌంట్."

ఏ అకౌంట్ అది? డబ్బు పోయిన మీ అకౌంటా? డబ్బు చేరిన అవతలివాడి అకౌంటా?

ఆలోచించారా? రెండూ కావచ్చు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా మనకి అడ్డం రాదు. ఎదుటి మనిషికి విషయం ముందే తెలుసు, తెలియకపోతే "ఏ అకౌంట్ రా?" అని అడుగుతాడు. కానీ ఒక్కసారి ఇలా ఊహించుకోండి. ఎవరో ఫోన్ చేసి మిమ్మల్ని మోసం చేశారు, యూపీఐలో డబ్బు పోయింది. వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు, మంచి పని. తర్వాత బ్యాంకుకి ఇంగ్లీష్‌లో మెయిల్ రాస్తున్నారు. కంగారులో "ప్లీజ్ బ్లాక్ ది అకౌంట్ విచ్ ఐ సెంట్ ద మనీ" అని రాసేశారు.

చదివే ఆఫీసర్‌కి మీరెవరో తెలీదు. మీ మెయిల్ తప్ప ఆయన ముందు ఇంకేమీ లేదు. ఏ అకౌంట్ ఆపమంటున్నారు? మీదా, దొంగదా? ఆయన తిరిగి మెయిల్ చేసి అడగాలి, మీరు చూసుకుని జవాబివ్వాలి. ఇలాంటి చోట ప్రతి నిమిషం విలువైనదే. ఆ వాక్యంలో లేనిది ఒక్క చిన్న మాట. 'టు' గానీ 'ఫ్రమ్' గానీ. అంతే.

మరి ఆ మాట ఎందుకు జారిపోయింది? మీకు ఇంగ్లీష్ రాక కాదు. తెలుగులో దాని అవసరం లేదు కాబట్టి.

చూడండి. తెలుగులో మనం ఒక వస్తువు గురించి వివరంగా చెప్పాలంటే క్రియని తెచ్చి పేరు ముందు పెట్టేస్తాం. వచ్చిన మనిషి, వస్తున్న బస్సు, వచ్చే వారం, రాని కరెంటు. మన వ్యాకరణంలో వీటిని ధాతుజ విశేషణాలు అంటారు. ఆ పేరు గుర్తుపెట్టుకోవక్కర్లేదు, దాని స్వభావం గుర్తుపెట్టుకుంటే చాలు. ఇది జరిగిపోయిందా, జరుగుతోందా, జరగలేదా అనేది చెప్తుంది. కానీ 'కి', 'నుంచి', 'తో', 'లో', 'వల్ల' లాంటి చిన్న మాటలన్నిటినీ మింగేస్తుంది.

ఉదాహరణ చెప్తాను. కూరగాయలు కోసిన అమ్మాయి. కూరగాయలు కోసిన కత్తి. కూరగాయలు కోసిన పీట. 'కోసిన' అనే మాట మూడు చోట్లా ఒక్కటే. కానీ అమ్మాయి కోసింది, కత్తితో కోశారు, పీట మీద కోశారు. ఆ 'తో', ఆ 'మీద' బయటికి కనిపించవు. వినేవాళ్ళ బుర్రలోనే అవి అమరిపోతాయి. ఇది తెలుగులో లోపం కాదు ఫ్రెండ్స్, పొదుపు. తెలిసిన విషయాన్ని మళ్ళీ చెప్పకపోవడం.

ఇంగ్లీష్ ఆ పొదుపు ఒప్పుకోదు. అక్కడ "ద నైఫ్ విత్ విచ్ షి కట్ ద వెజిటబుల్స్" అనాలి. 'విత్' తీసేస్తే ఆవిడ కత్తినే కోసినట్టో ఏమో, వాక్యం కుంటుతుంది.

ఇది మీకు కష్టంగా అనిపిస్తే దిగులు పడకండి. 1977లో ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు దాదాపు 50 భాషల్లో రిలేటివ్ క్లాజులు ఎలా ఉంటాయో పోల్చి చూశారు. పని చేసిన మనిషిని వర్ణించడం అన్నిటికంటే తేలిక. 'కూరగాయలు కోసిన అమ్మాయి' లాంటిదన్నమాట. 'ఎక్కడికి', 'దేంతో', 'ఎక్కడినుంచి' అనే సంబంధాలు ఆ వరుసలో బాగా కిందకి వస్తాయి. కొన్ని భాషలైతే అక్కడిదాకా వెళ్ళనే వెళ్ళవు. అంటే మీరు తడబడుతున్న చోటు నిజంగానే ఎత్తుపల్లాలున్న చోటు.

సరే, దాటడం ఎలా? ఒక చిన్న కిటుకు ఉంది. ఇంగ్లీష్‌లోకి వెళ్ళే ముందు తెలుగు ముక్కని విడగొట్టండి. పేరు ముందున్న క్రియని చివరికి పంపి పూర్తి వాక్యం చెయ్యండి. మింగేసిన మాట దానంతట అదే బయటికొస్తుంది.

"నేను డబ్బు పంపిన అకౌంట్." విడగొట్టండి. "నేను ఆ అకౌంట్‌కి డబ్బు పంపాను." చూశారా, 'కి' వచ్చింది. 'కి' అంటే ఇక్కడ 'టు'. కాబట్టి "ది అకౌంట్ టు విచ్ ఐ సెంట్ ద మనీ". అదే "నేను ఆ అకౌంట్ నుంచి డబ్బు పంపాను" అని విడిపోతే 'నుంచి' వచ్చింది. అది 'ఫ్రమ్'. "ది అకౌంట్ ఫ్రమ్ విచ్ ఐ సెంట్ ద మనీ". ఇప్పుడు డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో బాణం గుర్తు వేసినట్టు ఉంది.

ఇంకోటి. "నేను వచ్చిన ఊరు." మీరు ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చారనుకోండి. వచ్చిన ఊరు ఏది? ఆదిలాబాద్ అయితే "ద టౌన్ ఐ కేమ్ ఫ్రమ్". హైదరాబాద్ అయితే "ద సిటీ ఐ కేమ్ టు". ఇంటర్వ్యూలో మీ సొంత ఊరు గురించి చెప్తున్నప్పుడు 'కేమ్' కాదు, 'కమ్' వాడండి. "ద ప్లేస్ ఐ కమ్ ఫ్రమ్" అంటే మాది ఫలానా ఊరు అని. "ద ప్లేస్ ఐ కేమ్ ఫ్రమ్" అంటే ఇప్పుడు ప్రయాణం చేసి వచ్చిన చోటు అని కూడా అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ మీలో కొందరికి డౌట్ వస్తుంది. ఒకసారి 'టు విచ్' అని ముందు పెట్టారు, ఇంకోసారి 'ఫ్రమ్' ని చివర పెట్టారు, ఏది కరెక్ట్ అని. రెండూ కరెక్టే. ముందు పెడితే మెయిల్‌కీ, అప్లికేషన్‌కీ బావుంటుంది. చివర పెడితే మాట్లాడటానికి సహజంగా ఉంటుంది. వాక్యం చివర ఇలాంటి మాట రాకూడదని కొందరు టీచర్లు గట్టిగా చెప్తారు. ఆ అభ్యంతరం పాతదే. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లీష్ కవి, తనకంటే ముందుతరం నాటక రచయిత బెన్ జాన్సన్ రాతలో ఇదే తప్పు పట్టాడు. మూడు వందల యాభై ఏళ్ళు దాటిపోయింది, ఇంగ్లీష్ వాళ్ళు మాత్రం చివర పెట్టడం మానలేదు. మీరూ భయపడకండి. ముందా, చివరా అన్నది మీ ఇష్టం. అసలు పెట్టకపోవడమే ప్రమాదం.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్తాను. ఒకటి, చిన్న మాట ముందు పెడితే దాని పక్కన 'దట్' రాదు. 'టు దట్ ఐ సెంట్' అనకూడదు, 'టు విచ్' అనే అనాలి. మనిషి అయితే 'టు హూమ్'. "ద పర్సన్ టు హూమ్ ఐ సెంట్ ద మనీ". రెండు, ముందూ చివరా రెండు చోట్లా పెట్టకండి. "ది అకౌంట్ టు విచ్ ఐ సెంట్ ద మనీ టు" అంటే ఒకే బస్సుకి రెండు టికెట్లు తీసుకున్నట్టు.

బస్సు అంటే గుర్తొచ్చింది. "నేను ఎక్కిన బస్సు", "నేను దిగిన బస్సు". ఇంగ్లీష్‌లో "ద బస్ ఐ గాట్ ఆన్", "ద బస్ ఐ గాట్ ఆఫ్". అక్కడ 'గాట్' అనేది ఒక్కటే, ఎక్కడమా దిగడమా అన్నది మొత్తం ఆ చివరి చిన్న మాట మీదే ఉంది. అది మింగేశారంటే బస్సులో ఉన్నారో రోడ్డు మీద ఉన్నారో ఎవరికీ తెలీదు.

ఇంకొక్క విషయం. మన 'కి' ఎప్పుడూ 'టు' అవ్వదు. "నేను వెళ్తున్న దిక్కు" అని చెప్పాలంటే "ద డైరెక్షన్ ఇన్ విచ్ ఐ యామ్ గోయింగ్". డైరెక్షన్ అనే మాటకి తోడు 'ఇన్'. 'వే' అనే మాటకైతే ఏ తోడూ అక్కర్లేదు. "వచ్చిన దారినే వెనక్కి వెళ్ళు" అంటే "గో బ్యాక్ ద వే యు కేమ్". ఇలాంటివి కొన్ని అలవాటు మీద పట్టుకోవాలి. కొత్త మాట నేర్చుకున్నప్పుడు దాని తోడుని కూడా కలిపి నేర్చుకోండి.

ఇంతవరకు దిక్కు. ఇప్పుడు ఫలితం.

తల తిరిగే ఎండ. కడుపు చెక్కలయ్యే జోకు. నిద్ర పట్టని రాత్రి. ఎంత బావుంటాయి కదా ఈ మాటలు! కానీ గమనించండి, తల తిరిగేది ఎండకి కాదు, మనకి. జోకు కడుపు చెక్కలవ్వదు, మన కడుపు అవుతుంది. ఇక్కడ తెలుగు మింగేసిన మాట 'వల్ల'. ఎండ వల్ల తల తిరుగుతుంది. కారణం, ఫలితం రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో లంకె కనిపించట్లేదు.

ఇంగ్లీష్‌లో ఆ లంకె చూపించాలి. చాలాసార్లు 'మేక్' గానీ 'కాజ్' గానీ పెడితే సరిపోతుంది. "హీట్ దట్ మేక్స్ యువర్ హెడ్ స్పిన్". "ఎ జోక్ దట్ మేడ్ అజ్ లాఫ్".

ఇది సరదాకి కాదు. ఈ తేడా ఆసుపత్రిలో ఎంత పని చేస్తుందో చూడండి. "దద్దుర్లు వచ్చిన టాబ్లెట్" అని మనవాళ్ళు అంటారు. అంటే ఆ టాబ్లెట్ వేసుకుంటే దద్దుర్లు వచ్చాయని. "దద్దుర్లకి వేసుకున్న టాబ్లెట్" అంటే వేరు, అది దద్దుర్లు తగ్గడానికి వేసుకున్నది. ఇప్పుడు బెంగళూరులోనో డాలస్‌లోనో అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు, మాట్లాడాల్సింది మీరే. "ద టాబ్లెట్ దట్ కాజ్డ్ ద రాష్" అంటే డాక్టర్ ఆ మందు మళ్ళీ రాయరు. "ద టాబ్లెట్ షి టుక్ ఫర్ ద రాష్" అంటే ఆ మందు పని చేసిందా అని అడుగుతారు. ఒకటి నేరస్థుడు, ఇంకొకటి పోలీసు. రెండిటినీ కలిపి "రాష్ టాబ్లెట్" అనేస్తే డాక్టర్‌కి ఎవరు ఎవరో తెలిసేదెలా? నర్సింగ్ చదివి విదేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ రెండు వాక్యాలు గోడ మీద రాసుకోండి.

ఫలితం చెప్పడానికి ఇంగ్లీష్‌లో ఇంకో పద్ధతి ఉంది. తెలుగులో మనం 'దాంతో' అంటామే, అలాంటిది. ఒక పూర్తి మాట చెప్పి, కామా పెట్టి, 'విచ్' అంటారు.

"హి వాజ్ లేట్ ఫర్ ది ఇంటర్వ్యూ, విచ్ అనాయ్డ్ ద మేనేజర్." వాడు ఇంటర్వ్యూకి లేటుగా వెళ్ళాడు, దాంతో మేనేజర్‌కి చిరాకేసింది. ఇక్కడ 'విచ్' అంటే ఇంటర్వ్యూ కాదు. లేటుగా వెళ్ళడం. ముందున్న వాక్యం మొత్తాన్ని 'విచ్' ఒక్కటే భుజాన వేసుకుంది.

ఇప్పుడు ఇది చూడండి. "హి వాజ్ లేట్ ఫర్ ది ఇంటర్వ్యూ, విచ్ వాజ్ హెల్డ్ ఇన్ విజయవాడ." ఇక్కడ 'విచ్' అంటే ఇంటర్వ్యూనే. విజయవాడలో జరిగింది ఇంటర్వ్యూ కదా, లేటవడం కాదు. బయటికి రెండు వాక్యాలూ ఒకేలా ఉన్నాయి. ఒకదాంట్లో ఫలితం, ఇంకొకదాంట్లో వివరం.

మరి రెండు రకాలుగానూ అర్థమయ్యే వాక్యం వస్తే? "షి రిజెక్టెడ్ ది ఆఫర్, విచ్ వాజ్ ఎ సర్‌ప్రైజ్." ఆఫర్ రావడమే ఆశ్చర్యమా? వచ్చిన ఆఫర్ వద్దనడం ఆశ్చర్యమా? ఇంగ్లీష్ వాళ్ళకి కూడా తెలీదు. అంటే ఇంగ్లీష్ కూడా అప్పుడప్పుడు మింగేస్తుందన్నమాట! అలాంటప్పుడు 'విచ్' ని వదిలేసి వాక్యాన్ని రెండు చెయ్యండి. "షి రిజెక్టెడ్ ది ఆఫర్. హర్ డెసిషన్ సర్‌ప్రైజ్డ్ అజ్." చిన్న వాక్యం రాస్తే మనకి ఇంగ్లీష్ తక్కువ వచ్చనుకుంటారేమోనని చాలామందికి భయం. అలా ఏం కాదు. స్పష్టంగా రాసినవాడికే ఎక్కువ వచ్చినట్టు.

'డ్యూ టు విచ్' అనేది మన దేశంలో ఆఫీసు మెయిళ్ళలో బాగా కనిపిస్తుంది. "ద సర్వర్ వాజ్ డౌన్, డ్యూ టు విచ్ ఐ కుడ్ నాట్ సబ్మిట్ ద ఫామ్." అర్థమవుతుంది, కానీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. "ద సర్వర్ వాజ్ డౌన్, సో ఐ కుడ్ నాట్ సబ్మిట్ ద ఫామ్" అంటే హాయిగా ఉంటుంది.

ఇప్పుడు ఈ రోజు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయానికి వద్దాం. దిక్కు, ఫలితం అని వేరువేరుగా చెప్పుకున్నాం కదా. నిజానికి ఈ రెండూ చుట్టాలే.

తెలుగులో మనం ఏమంటాం? "ఆ మాట గొడవకి దారితీసింది." మాటకి దారేంటి? అయినా అంటాం. ఇంగ్లీష్‌లో కూడా అదే దారి. "ద రిమార్క్ దట్ లెడ్ టు ద ఫైట్." 'లీడ్' అంటే ముందు నడిచి తీసుకెళ్ళడం. కారణం ముందు నడుస్తుంది, ఫలితం దగ్గరికి చేరుస్తుంది. అందుకే ఇక్కడ కూడా అదే 'టు'. రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త, 'లెడ్' స్పెల్లింగ్‌లో ఎల్, ఈ, డీ మూడే అక్షరాలు. మధ్యలో ఏ పెడితే అది సీసం అనే లోహం కూడా అవుతుంది.

పాత ఇంగ్లీష్ పుస్తకాల్లో 'హెన్స్' అనే మాట చూసే ఉంటారు. ఇప్పుడు 'అందుకని' అనే అర్థంలో వాడతారు. దాని మొదటి అర్థం 'ఇక్కడినుంచి'. అలాగే 'వెన్స్' అంటే 'ఎక్కడినుంచి'. చోటు గురించి చెప్పే మాటే కారణం గురించి చెప్పే మాటగా మారింది.

ఈ చుట్టరికం తెలిస్తే మీకొక పెద్ద లాభం ఉంది. ఫలితం చెప్పేటప్పుడు కూడా బాణం ఎటు ఉందో చూసుకుంటారు. 'రిజల్ట్' అనే మాట తీసుకోండి. దాని పక్కన 'ఇన్' పెడితే ఫలితం వైపు వెళ్తాం. 'ఫ్రమ్' పెడితే కారణం వైపు వెనక్కి వెళ్తాం.

"ది యాక్సిడెంట్ దట్ రిజల్టెడ్ ఇన్ ద పవర్ కట్." లారీ వచ్చి స్తంభాన్ని గుద్దింది, కరెంటు పోయింది.

"ది యాక్సిడెంట్ దట్ రిజల్టెడ్ ఫ్రమ్ ద పవర్ కట్." కరెంటు పోయింది, చీకట్లో లారీ దేన్నో గుద్దింది.

మొదటిదాంట్లో తప్పు లారీ వైపు చూపిస్తోంది. రెండోదాంట్లో కరెంటు వాళ్ళ వైపు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇది రాస్తుంటే 'ఇన్' కి బదులు 'ఫ్రమ్' పడిందంటే, మీ చేత్తో మీరే కథని తిరగేసినట్టు. ఆటోకరెక్ట్ దీన్ని పట్టుకోలేదు. రెండూ సరైన ఇంగ్లీషే కదా! ఏది జరిగిందో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? అది తెలిసింది మీకు మాత్రమే.

కాబట్టి ఫ్రెండ్స్, ఇంగ్లీష్‌లో 'విచ్' అనో 'దట్' అనో రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. తెలుగు ముక్కని విడగొట్టండి. 'కి' వచ్చిందా, 'నుంచి' వచ్చిందా, 'తో' వచ్చిందా, 'వల్ల' వచ్చిందా చూడండి. వచ్చినదాన్ని వెంట తీసుకెళ్ళండి.

మనం మొదట్లో అనుకున్న బ్యాంకు మెయిల్ ఇప్పుడు ఎలా ఉంటుందో చెప్పి ముగిస్తాను. కావాలంటే రాసుకోండి.

"ది అకౌంట్ ఫ్రమ్ విచ్ ద మనీ వెంట్ ఈజ్ మైన్. ది అకౌంట్ టు విచ్ ఇట్ వెంట్ బిలాంగ్స్ టు ఎ పర్సన్ ఐ డు నాట్ నో. ఐ హావ్ ఆల్రెడీ కాల్డ్ 1930. ప్లీజ్ యాక్ట్ ఆన్ దిస్ టుడే."

దీని కింద రెండు అకౌంట్ల వివరాలు, ట్రాన్సాక్షన్ నంబర్, తేదీ, టైమ్ పెట్టండి. నాలుగు వాక్యాలే. ఒక్క పెద్ద మాట లేదు. కానీ చదివే మనిషి ఒక్క ప్రశ్న కూడా అడగక్కర్లేదు.

మీకు ఒక చిన్న పని. "అమ్మ ఫోన్ చేసిన నంబర్." దీన్ని ఇంగ్లీష్‌లో రెండు రకాలుగా చెప్పండి. ముందు తెలుగులో విడగొట్టండి, అమ్మ ఆ నంబర్‌కి చేసిందా, ఆ నంబర్ నుంచి చేసిందా అని. మిగతాది మీకే వచ్చేస్తుంది. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.